యతిస్థానం

మంగళవారం సాయంత్రం టాడ్‌మోర్డెన్‌లో
వాన ఎటూ ఉంటుంది.
మెథడిస్టు హాల్లో హీటరు ఒక పక్కే వేడెక్కుతుంది,
కార్నెట్లు వాయించే బాటమ్లీ అక్కచెల్లెళ్లు
ఆ పక్క కుర్చీలు ముందే పట్టేస్తారు.
ట్రాంబోన్ గారెత్ పగలంతా ఉత్తరాలు పంచి
తడిసిన బూట్లు విప్పి మేజోళ్లతోనే వాయిస్తాడు.
టెనర్ హార్న్ నైలాకి పదహారేళ్లు.
వెనక మూల, ఒళ్లో ఇత్తడి గంగాళం పెట్టుకున్నట్టు
ట్యూబాతో క్లిఫర్డ్ గ్రీన్‌వుడ్.

ఐదుగురికీ సరిపోయేలా ఏదైనా రాయమన్నారు నన్ను.
"ఏడిపించకు, అలాగని ఊరేగించకు" అంది పెద్ద బాటమ్లీ.

వంటింటి బల్ల మీద, కుక్కరు మూడో కూత వేసేలోగా
ఆరంభం దొరికింది:
అట్టడుగున ట్యూబా ఒక్కటే, ఒకే స్వరం,
పదహారు మాత్రలు, గుక్క తిప్పుకోకుండా.
దాని మీద తక్కిన నలుగురూ
నాచు పట్టిన రాళ్లు దాటేవాళ్లలా
ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడవాలి.
రాసుకుని మురిసిపోయాను.
కాగితానికి ఊపిరితిత్తులుండవు.

నా ఉద్యోగం హాలిఫాక్స్ ఆసుపత్రిలో,
శ్వాస కొలిచే గదిలో.
ముక్కుకి క్లిప్పు పెట్టి, నోటికి గొట్టం అందించి
"ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకాస్త" అని
రోజుకి పద్నాలుగు మందిని అదిలిస్తాను.
గురువారం పదకొండింటికి
తలుపు తోసుకుని క్లిఫర్డ్ వచ్చాడు.
ముఖపరిచయం లేనివాళ్లలా నవ్వుకున్నాం.
మూడుసార్లు ఊదాడు.
తెర మీద గీత కొండెక్కినట్టే ఎక్కి
కాలు జారిన మేకలా దిగిపోయింది.
అంకె చెప్పను. నా నోట రాకూడని అంకె అది.
"మిల్లులో ఇరవై ఏళ్ల పత్తి దుమ్ము" అన్నాడు
కోటు గుండీలు పెట్టుకుంటూ,
బస్సు ఆలస్యమైందన్నట్టు.

ఆ రాత్రి రబ్బరు పట్టుకుని కూర్చున్నాను.
పదహారు ఎనిమిదైంది. ఎనిమిది నాలుగైంది.
ఆ నాలుగైనా పెన్సిల్‌తోనే.
తర్వాత ఏముండాలి?
విరామ చిహ్నం పెట్టి చూశాను,
మనిషి వెళ్లిపోయాక మిగిలిన టోపీలా ఉంది.

ఎప్పుడో తొమ్మిదో తరగతిలో
పద్యాలు బట్టీ పడుతూ విసుక్కున్న సంగతి:
సంస్కృతంలో యతి అంటే ఆగడం.
మనకి మాత్రం
పాదం మొదటి అక్షరానికి
నడిదారిలో చుట్టం తగలడం.
అ-కి హ. చ-కి స.
మైత్రి అన్నారు దాన్ని, ఛందస్సు పుస్తకంలో, అంత పొడి పుస్తకంలో.

అయితే క్లిఫర్డ్ ఆగే చోట
అదే స్వరాన్ని పై స్థాయిలో నైలా అందుకోవాలి,
అతని గాలి పూర్తిగా అయిపోకముందే.
అతుకు తెలియకూడదు.
తెలిసినా, కొంచెం తెలిస్తే బాగుండు.

మళ్లీ మంగళవారం. కాగితాలు పంచాను.
క్లిఫర్డ్ కళ్లజోడు పైకి తోసి చాలాసేపు చదివాడు.
"నా పొడుగు స్వరం ఏమైంది?
నువ్వు కూనిరాగం తీస్తుంటే విన్నానే."
"నప్పలేదు. సంగీతం కోసమే తీసేశాను."
"ఓహో" అన్నాడు,
"అబద్ధం కూడా శ్రుతి తప్పకుండా చెబుతావు."

మొదటిసారి నైలా ముందే వచ్చేసింది.
రెండోసారి ఆలస్యం; మధ్యలో హీటరు టిక్కుటిక్కుమంది.
మూడోసారి కాగితం చూడలేదు,
క్లిఫర్డ్ భుజాలు చూసింది,
అవి కిందికి దిగే చోట ఎత్తుకుంది.
చిన్న బాటమ్లీ తన వంతు మరిచిపోయి వింటూ ఉండిపోతే
గారెత్ మోచేత్తో పొడిచాడు.

అయ్యాక ఎవరూ ఏమీ అనలేదు. టీ నీళ్లు కాగుతున్నాయి.
క్లిఫర్డ్ ట్యూబా వంచి మీట నొక్కాడు,
లోపల చేరిన తడి నేల మీద
అరచెయ్యంత మడుగు కట్టింది.
పక్కనే నైలా తన మీట నొక్కింది.
నేను తుడుపుగుడ్డ కోసం లేచాను.
"ఉండనీ" అన్నాడు,
"ఊదిందంతా అదే కదా."